సెల్ఫ్ కటక్‌మని ఆగితే ముందు ఎర్త్ పట్టీ చూడండి

విశాఖ లాసన్స్ బే కాలనీలో సముద్రపు గాలికి నిలబడే పాత అంబాసిడర్, 1489 సీసీ పెట్రోలు బండి. సెల్ఫ్ కొడితే కటక్‌మని ఆగేది. బ్యాటరీ 12.6 వోల్టులు, నిక్షేపంగా ఉంది. డాష్‌బోర్డు నుంచి ఇంజన్‌కి వెళ్లే చోక్ తీగ మాత్రం చెయ్యి కాలేంత వేడి! ఇంజన్ ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి, పోయి కరెంటు ఆ తీగ గుండా వెళ్తోందన్నమాట.

మల్టీమీటరు ఒక కొస బ్యాటరీ ఎర్త్ టెర్మినల్ మీద, రెండోది ఇంజన్ బ్లాకు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించాను: 2 వోల్టులు. అర వోల్టు దాటకూడదు.

ఇంజన్‌కీ బాడీకీ మధ్య జడలా అల్లిన రాగి ఎర్త్ పట్టీ పైకి బాగానే ఉంది. బోల్టు విప్పితే కింద పచ్చటి చిలుము. బ్యాటరీ ఎర్త్ వైరు ముందే తీసి, పట్టీ కూర్చునే చోట ఇనుము మెరిసేదాకా ఎమరీ కాగితంతో రుద్ది, కొత్త పట్టీని స్టార్ వాషరుతో బిగించాను. వాసలీను బిగించాకే, పైపైన పూయాలి. ఇప్పుడు మీటరులో 0.2.