బెదురు గుర్రానికి మళ్లీ ఓనమాలు

జీను చూడగానే పక్కకు జరిగే గుర్రాన్ని, ఆటో హారన్‌కు అడ్డంగా దూకే గుర్రాన్ని ‘పొగరు’ అనేయడం తేలిక. ముందు నొప్పి ఉందేమో చూడాలి. వెన్నెముకకు రెండు పక్కలా మూడు వేళ్లతో, మూపు దగ్గర్నుంచి నడుము దాకా నొక్కుతూ పోండి. కండ వణికినా, వీపు కిందికి కుంగినా అక్కడ నొప్పి ఉండొచ్చు, మొదటి అనుమానం జీను మీదే. సవారీ తర్వాత జీను తీస్తే చెమట రెండు వైపులా సమానంగా పట్టి ఉండాలి. మధ్యలో అరచేతంత పొడి మచ్చ ఉంటే బరువు అక్కడే నొక్కుతోందేమో చూడాలి. నమిలిన గడ్డిని ఉండలుగా రాల్చేస్తుంటే పళ్ల అంచులు పదునెక్కి ఉండొచ్చు. అలాంటి నోట్లో కళ్లెం పెడితే తల ఎగరేయక ఏం చేస్తుంది? పళ్లు, వీపు, గిట్టలు పశువైద్యుడికి చూపించాకే మిగతా పని. తిరుపతిలోనే పశువైద్య కళాశాల ఉంది కాబట్టి ఇక్కడివాళ్లకు సాకు లేదు.

పెళ్లి ఊరేగింపుల నుంచి వచ్చిన గుర్రమైతే నోరు కూడా తెరిచి చూడండి. ముళ్ల కళ్లేన్ని 1965 నాటి కేంద్ర నిబంధనలే నిషేధించాయి, అయినా ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. పుండు మానేదాకా కళ్లెం వద్దు, తలకు హాల్టర్ (నోట్లో ఇనుము లేని తలపట్టీ) చాలు.

మేత సంగతి. సుమారు 380 కిలోల గుర్రానికి రోజుకు 6 నుంచి 8 కిలోల ఎండుగడ్డి కావాలి. పని చెప్పకుండా కట్టేసి ఉడికించిన ఉలవలు దండిగా పెడితే ఆ కాక అంతా బెదురుగానే బయటికొస్తుంది. శిక్షణ మొదట్లో దాణా తగ్గించి, రోజూ మూడు నాలుగు గంటలు విప్పి వదలండి. శనక్కాయ కట్టె వేస్తే మట్టి దులిపి తొట్టిలో వేయాలి. నేల మీద వేస్తే ఇసుక పేగుల్లో చేరి కడుపునొప్పి తెస్తుంది.

మొదటి మూడు నాలుగు వారాలు ఎక్కే మాటే లేదు. హాల్టర్, మూడున్నర మీటర్ల తాడు, చేతికి గ్లవ్స్. తాడును ఎప్పుడూ చేతికి చుట్టుకోవద్దు. ఎండ ఎక్కకముందే, ఆరు గంటల ప్రాంతంలో, ఇరవై నిమిషాలు చాలు. స్వర్ణముఖి నది ఇసుకలో చేసేవాళ్లు తడిగా గట్టిపడిన చోటు చూసుకోండి, లోతైన పొడి ఇసుక కండను ఎముకకు కలిపే కాలి నరాలను లాగేస్తుంది.

నేర్పేది మూడే: తాడు కాస్త కిందికి లాగితే తల దించడం, ఛాతీ వైపు నొక్కితే ఒక అడుగు వెనక్కి, పక్క నుంచి నొక్కితే వెనక కాళ్లు అవతలికి జరపడం. తాడు వదులైన ఆ క్షణంలో తాను చేస్తున్నదే సరైన పనని గుర్రం లెక్కేసుకుంటుంది. తల దించిన రెండు సెకన్లకు వదిలారా, అప్పటికి అది మళ్లీ తల ఎత్తేసి ఉంటుంది. మీరు నేర్పింది తల ఎత్తడం! చాలామంది దగ్గర పని చెడేది ఇక్కడే.

ఇక భయపడే వస్తువు. గొడుగే అనుకుందాం. గుర్రాన్ని కట్టేయకుండా, ఇంకొకరు తాడు వదులుగా పట్టుకోవాలి. మడిచిన గొడుగుతో పది మీటర్ల దూరంలో నిలబడండి. చెవులు నిక్కి, ముక్కుపుటాలు విచ్చుకున్నాయంటే ఆ గీత దాటొద్దు. అక్కడే ఆగండి. రెప్ప కొట్టి, నోరు కదిపి, తల కొద్దిగా దించగానే మీరే వెనక్కి వెళ్లిపోండి. మళ్లీ రండి, ఈసారి తొమ్మిది మీటర్లు. భుజానికి తాకించడానికి వారం పట్టినా పట్టొచ్చు. ఎడమ వైపు అయ్యాక కుడి వైపు మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే. ఒక పక్క అలవాటైంది రెండో పక్క కొత్తగానే తోస్తుంది. అది గెంతుతున్నప్పుడు గొడుగు తీసేస్తే, గెంతితే గొడుగు పోతుందని నేర్చుకుంటుంది. కదలకుండా నిలబడలేని దూరానికి వెళ్లామంటే తప్పు మనదే.

జీను విషయంలో బెడిసికొట్టేది పట్టెడ, అంటే పొట్ట కింద జీనును బిగించే పట్టీ. ఒక్కసారిగా బిగించొద్దు. ఒక రంధ్రం బిగించి పది అడుగులు నడిపించండి, మళ్లీ ఒకటి. రికాబులు (పాదాలు పెట్టే కొక్కేలు) పైకి కట్టేసే ఉంచండి.

ఎక్కే రోజు హెల్మెట్, మడమ ఉన్న బూట్లు, తాడు పట్టే మనిషి తప్పనిసరి. ముందు ఎత్తైన దిమ్మె మీంచి వీపు మీద బోర్లా వాలి దిగిపోవడమే, నాలుగైదు సార్లు. తర్వాతే కాలు వేయాలి. మీ బరువు, జీను కలిపి గుర్రం బరువులో అయిదో వంతు దాటకూడదు. మొదటి వారం పది నిమిషాలు నడక మాత్రమే.

ఆపడానికి రెండు పగ్గాలూ కలిపి లాగొద్దు. చెన్నై, బెంగళూరు రేసుల నుంచి రిటైరైన థరోబ్రెడ్‌కి (పందేల జాతి గుర్రానికి) పగ్గాలు గట్టిగా పట్టుకోవడమంటే పరిగెత్తమని అర్థం. ఒక పగ్గాన్నే మెల్లగా తొడ వైపు తెచ్చి, మెడ వంగి వెనక కాళ్లు పక్కకు అడుగేయగానే వదలండి. నడకలో యాభై సార్లు పక్కా అయ్యాకే ట్రాట్ (చిన్న పరుగు). దౌడు తీస్తున్నప్పుడు ఈ పని ఒక్కసారిగా చేస్తే గుర్రంతో సహా పడతారు.

రోడ్డు మీదికి మొదటిసారి నిదానమైన ఇంకో గుర్రం వెనకే తీసుకెళ్లాలి. తిరుపతి గంగమ్మ జాతర రోజుల్లో, దీపావళికి, కనుమకు రంగంపేట వైపు పశువులు తోలేటప్పుడు బయటికి తీయొద్దు. ఆ రోజుల్లో శాలలోనే గడ్డి నిండుగా వేసి, పక్కన అలవాటైన గుర్రాన్ని కట్టేయండి.