ఇంట్లో పాటలు రికార్డు చేసే కంప్యూటర్ వేగం పెంచుకోవడం ఎలా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో, బరంపురంలో, గుణుపురంలో ఇంట్లోనే పాటలు రికార్డు చేసుకునే తెలుగువాళ్లు ఉన్నారు. ఒకరు భజన పాటలు చేస్తారు, ఒకరు పెళ్లి పాటలు చేస్తారు, మరొకరు బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి యాత్ర కోసం ఒడియాలోనూ తెలుగులోనూ భక్తి గీతం సిద్ధం చేస్తారు. ఒక మైకు, దాన్ని కంప్యూటర్‌కు కలిపే చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్ చాలు, పని మొదలవుతుంది. డోలక్, హార్మోనియం, గొంతు, కోరస్ ఒక్కొక్కటిగా చేరాక చిటపటలు వినిపిస్తాయి, లేదా పాట మధ్యలో ఆగిపోతుంది. వెంటనే చుట్టుపక్కల అందరూ ఇచ్చే సలహా ఒకటే: ర్యామ్ (కంప్యూటర్ తాత్కాలిక మెమరీ) పెంచండి.

డబ్బు బయటికి తీసే ముందు ఒక్క పని చేయండి. రోగం ఏమిటో తేల్చుకోండి. చిటపటలకు ర్యామ్ కారణమయ్యే సందర్భాలు తక్కువ.

ముందు పరీక్ష

మీ పాటల్లో అన్నిటికన్నా బరువైన ప్రాజెక్టు తెరవండి. విండోస్ కంప్యూటర్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ విభాగానికి వెళ్లి, పాట మొదటి నుంచి చివరి వరకు ఆడిస్తూ చూడండి.

మెమరీ 90 శాతం దాటి, డిస్క్ కూడా 100 శాతం దగ్గర ఉండిపోతే ర్యామ్ చాలడం లేదని అర్థం. ర్యామ్‌లో పట్టనిదాన్ని విండోస్ డిస్క్ మీదికి తోస్తోంది, అందుకే అంతా నత్తనడక. మెమరీ సగమే వాడుకలో ఉండి, ప్రాజెక్టు తెరుచుకోవడానికే నిమిషాలు పడుతుంటే డిస్క్ నెమ్మదిగా ఉంది. ఈ రెండూ బాగానే ఉండి చిటపటలు వస్తుంటే ప్రాసెసర్ వైపు, డ్రైవర్ (పరికరాన్ని విండోస్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) వైపు చూడాలి.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటి ఉంది. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ 40 శాతమే చూపిస్తుంది, అయినా చిటపటలు వస్తాయి. ఆ 40 అనేది ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాల, అంటే కోర్లన్నిటి సగటు. ఒక ట్రాక్ మీద వరుసగా పెట్టిన ప్లగిన్లు (ధ్వనిని మార్చే చిన్న సాఫ్ట్‌వేర్లు) ఒకదాని తర్వాత ఒకటి నడవాలి కాబట్టి ఆ భారమంతా సాధారణంగా ఒకే కోరు మీద పడుతుంది. అందుకే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ లోపల ఉండే మీటరునే నమ్మండి.

బఫర్ సరిచేయండి

పైసా ఖర్చు లేకుండా పెద్ద తేడా వచ్చేది ఇక్కడే. ప్రాసెసర్ ధ్వనిని చిన్న చిన్న ముక్కలుగా తయారుచేసి ఇంటర్‌ఫేస్‌కు అందిస్తుంది. ఆ ముక్క పరిమాణమే బఫర్. సెకనుకు 44,100 శాంపిళ్ల (ధ్వని కొలతల) లెక్కన రికార్డు చేస్తుంటే 128 శాంపిళ్ల బఫర్ అంటే 2.9 మిల్లీసెకన్లు, 256 అంటే 5.8, 1024 అంటే సుమారు 23. ఆ గడువులోపు ముక్క తయారు కాకపోతే ధ్వని తెగిపోతుంది. మీకు వినిపించే చిటపట అదే.

పాడేటప్పుడు, కీబోర్డు వాయించేటప్పుడు 128 లేదా 256 పెట్టుకోండి. మిక్సింగుకు కూర్చున్నాక 1024కు పెంచేయండి. మిక్సింగులో ఆలస్యం ఎవరికీ ఇబ్బంది కాదు, ప్రాసెసర్‌కు మాత్రం ఊపిరాడుతుంది. పాడేవాళ్లకు 10 మిల్లీసెకన్ల ఆలస్యం అంటే తబలా కళాకారుడు సుమారు మూడున్నర మీటర్ల దూరంలో కూర్చుని వాయిస్తున్నట్టు. దాన్ని చాలామంది సర్దుకోగలరు. 25 దాటితే తాళం తప్పడం మొదలవుతుంది. మీ ఇంటర్‌ఫేస్‌కు డైరెక్ట్ మానిటర్ బటన్ ఉంటే ఈ చిక్కే లేదు. గొంతు కంప్యూటర్ దాకా వెళ్లకుండా నేరుగా హెడ్‌ఫోన్‌లోకి వస్తుంది, బఫర్ ఎక్కువగా ఉన్నా ఫరవాలేదు.

విండోస్‌లో ఇంటర్‌ఫేస్ తయారీదారు ఇచ్చిన ఏసియో (ASIO, ధ్వని ఆలస్యం తగ్గించే) డ్రైవర్‌నే వాడండి. అలాంటిది లేకపోతే ఉచితంగా దొరికే ఏసియో4ఆల్ పనికొస్తుంది. అప్పటికీ చిటపటలు పోకపోతే లేటెన్సీమాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నడిపి, ఏ డ్రైవర్ దారికి అడ్డం పడుతోందో చూడండి. తరచుగా వైఫై డ్రైవరే దొరుకుతుంది. రికార్డింగ్ జరిగినంతసేపు వైఫై, బ్లూటూత్ ఆపేస్తే సరి.

ఉన్న ర్యామ్‌ను పొదుపుగా వాడండి

ర్యామ్‌ను తినేది ఏది అన్నది లెక్క వేసి చూడాలి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక మోనో ట్రాక్ నిమిషానికి 8.6 ఎంబీ. అయిదు నిమిషాల పాటలో ఒక ట్రాక్ 43 ఎంబీ మాత్రమే, అది కూడా డిస్క్ మీద నుంచే చదువుకుంటుంది. అంటే మీరు పాడి, వాయించి రికార్డు చేసిన ట్రాకులు ఇరవై ఉన్నా ర్యామ్‌కు బరువు కాదు. బరువంతా శాంపిల్ వాయిద్యాలది, అంటే అసలు వాయిద్యాల స్వరాలను ముందే రికార్డు చేసి పెట్టుకున్న సాఫ్ట్‌వేర్ వాయిద్యాలది. ఒక పియానో, ఒక వయొలిన్ బృందం తెరిస్తే జీబీల్లో మింగుతాయి. ఎనిమిది జీబీల కంప్యూటర్‌లో విండోస్ ఒక్కటే 3 నుంచి 4 జీబీ తీసుకుంటుంది. బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు తెరిచి ఉంటే ఇక మిగిలేది ఏమిటి?

కాబట్టి బ్రౌజర్ మూసేయండి. స్టార్టప్ యాప్‌ల జాబితాలో అక్కర్లేనివి ఆపేయండి. శాంపిల్ ప్లేయర్‌లో వాడని స్వరాలను దించేసే పర్జ్ సదుపాయం ఉంటే వాడుకోండి. కొన్ని పాత ప్లగిన్లు తెలుగు లిపిలోనో ఒడియా లిపిలోనో ఉన్న ఫోల్డర్ పేర్లను చదవలేక మొరాయిస్తాయి, శాంపిళ్ల ఫోల్డర్లకు ఇంగ్లిష్ అక్షరాల్లో పేర్లు పెట్టడం మేలు. ర్యామ్ శుభ్రం చేస్తామని చెప్పుకునే ఉచిత సాఫ్ట్‌వేర్లను దగ్గరికి రానివ్వకండి. అవి మెమరీలో ఉన్నదాన్ని డిస్క్ మీదికి తోసి, మళ్లీ వెనక్కి చదివించి, పనిని ఇంకా నెమ్మది చేస్తాయి. పేజ్ ఫైల్ (ర్యామ్‌లో పట్టనిదాన్ని విండోస్ దాచుకునే డిస్క్ ఫైలు) తీసేయమనే సలహా కూడా అలాంటిదే.

అన్నిటికన్నా గొప్ప ఆయుధం ఫ్రీజ్. వాయించడం పూర్తయిన ప్రతి వాయిద్యాన్నీ ఫ్రీజ్ చేస్తే అది మామూలు ఆడియోగా మారిపోతుంది, ప్రాసెసర్ భారం దిగిపోతుంది, చాలా సాఫ్ట్‌వేర్లలో ర్యామ్ కూడా ఖాళీ అవుతుంది. తర్వాత మార్చాలనిపిస్తే ఫ్రీజ్ తీసేయవచ్చు. రివర్బ్ (గదిలో పాడినట్టు వినిపించే ప్రతిధ్వని) విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. కోరస్‌లోని ఎనిమిది గొంతులకు ఎనిమిది రివర్బ్‌లు పెట్టడం ప్రాసెసర్‌కు శిక్ష. ఒక బస్ ట్రాక్ (చాలా ట్రాకులు కలిసే ఉమ్మడి ట్రాక్) మీద ఒకే రివర్బ్ పెట్టి అందరినీ అందులోకి పంపండి. అందరూ ఒకే గదిలో పాడినట్టు వినిపిస్తుంది కూడా.

వేడి సంగతి

గంజాం తీరంలో మే నెల ఉక్క ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. రికార్డింగ్‌కు కూర్చోగానే మైకులో గాలి శబ్దం పడకూడదని ఫ్యాన్ ఆపేస్తాం, కిటికీలు మూసేస్తాం. అరగంటలో గది కాగిపోతుంది. ల్యాప్‌టాప్ లోపల వేడి హద్దు దాటితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. పొద్దున బాగా నడిచిన ప్రాజెక్టు మధ్యాహ్నం చిటపటలాడటానికి కారణం ఇదే కావచ్చు. వేసవిలో రికార్డింగ్ తెల్లవారుజామున పెట్టుకోండి. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద కాక, కింద గాలి ఆడేలా బల్ల మీద ఎత్తుగా ఉంచండి. ఏడాదికోసారి లోపలి దుమ్ము తీయించండి.

పవర్ సెట్టింగుల్లో బెస్ట్ పెర్ఫార్మెన్స్ ఎంచుకోండి. కరెంటు పోయి బ్యాటరీ మీదికి వచ్చినప్పుడు చాలా ల్యాప్‌టాప్‌లు వేగం తగ్గించుకుంటాయి, అప్పుడు బఫర్ ఒక మెట్టు పెంచండి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ తప్పనిసరి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను ఎలా కుదిపిందో చూసినవాళ్లం, ప్రాజెక్టుల నకలు ఇంకో డిస్క్ మీద ఉండాల్సిందే.

డిస్క్, ఆ తర్వాత ర్యామ్

ఇంకా పాత హార్డ్ డిస్కే ఉంటే మొదటి ఖర్చు ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగవంతమైన డిస్క్) మీద పెట్టండి. తిరిగే డిస్క్ సెకనుకు 100 నుంచి 150 ఎంబీ చదివితే సాటా రకం ఎస్‌ఎస్‌డీ 500 దాటుతుంది. శాంపిళ్ల కోసం అక్కడొకటి ఇక్కడొకటి వెతికేటప్పుడు తేడా ఇంకా ఎక్కువ. ఎస్‌ఎస్‌డీని పూర్తిగా నింపేయకుండా అయిదో వంతు ఖాళీ ఉంచండి.

పరీక్షలో ర్యామే చాలడం లేదని తేలితే 16 జీబీకి వెళ్లండి, ఇంటి స్టూడియోకు అది సరిపోతుంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ మీద నొక్కితే వేగమూ, ఎన్ని స్లాట్లు వాడుకలో ఉన్నాయో కనిపిస్తాయి. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 అనే ర్యామ్ రకాలు ఒకదాని స్థానంలో ఒకటి సరిపోవు. కొన్ని పలుచని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, దాన్ని మార్చలేం. యాపిల్ సొంత చిప్ ఉన్న మ్యాక్‌బుక్‌లదీ అదే సంగతి. పర్లాకిమిడి నుంచి శ్రీకాకుళమో బరంపురమో బస్సెక్కే ముందు పాత ర్యామ్ మీది స్టిక్కర్‌ను ఫోనులో ఫొటో తీసుకోండి, రెండోసారి తిరిగే పని ఉండదు. ఒక్క స్లాటే నిండి ఉంటే అదే పరిమాణం, అదే వేగం ఉన్న ఇంకొకటి కొనండి. జోడీగా ఉన్నప్పుడు మెమరీ వేగం పెరుగుతుంది.

బిగించడానికి షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేయండి, అప్పుడే పూర్తిగా ఆగుతుంది. ఛార్జర్ తీసి, కింది మూత విప్పి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. స్థిర విద్యుత్తు పోవడానికి ఏదైనా లోహాన్ని ఒకసారి తాకండి. ర్యామ్ అంచులో ఉన్న గాడిని స్లాటులోని పంటితో సరిచూసి, ఏటవాలుగా లోపలికి తోయండి. బంగారు రంగు గీతలు దాదాపు కనిపించకుండా పోవాలి. తర్వాత కిందికి నొక్కితే రెండు పక్కల క్లిప్పులు టక్కుమని పడతాయి. ఆ శబ్దం రాకపోతే బలవంతం చేయకుండా మళ్లీ తీసి పెట్టండి.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర కొంతసేపు నల్లగా ఉండవచ్చు, కొత్త మెమరీని గుర్తించడానికి ఆ సమయం పడుతుంది, కంగారుపడి ఆపేయకండి. విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ ఒకసారి నడపండి. తప్పులు చూపిస్తే ఒక్కొక్క ర్యామ్‌ను విడిగా పెట్టి పరీక్షించి, చెడ్డది ఏదో తెలుసుకుని బిల్లుతో సహా దుకాణానికి తీసుకెళ్లండి.