బాబీ బండిని రోడ్డెక్కించే ముందు: ఛాసిస్ నంబరు ముందు, పెయింటు తర్వాత

2025 జులై 1న ఢిల్లీ బంకుల్లో పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బళ్లకు పెట్రోలు పోయడం ఆపారు. గొడవ కావడంతో కొద్ది రోజులకే వెనక్కి తగ్గారు. ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన మోటార్‌సైకిళ్ల రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజును కేంద్రం 2,000 రూపాయలు చేసింది. పాత బండి ఉన్నవాళ్లకు గుబులు పట్టుకుంది. కొనాలనుకునేవాళ్లు ఇదే అదననుకుని ఉత్తరాది బళ్ల మీద కన్నేశారు. అందులో జనం బాబీ అని పిలుచుకునే రాజ్‌దూత్ జీటీఎస్ 175 మీద మోజు మరీ ఎక్కువ. ఎస్కార్ట్స్ కంపెనీ 1970లలో చేసిన ఈ పొట్టి బళ్లకు ఇప్పుడు యాభై ఏళ్లు నిండుతున్నాయి.

హెల్మెట్ గురించీ లైసెన్స్ గురించీ మళ్లీ చెప్పనక్కర్లేదు. ఫీజుల్ని ముందే లెక్కేసుకోవచ్చు. మనిషిని నిలువునా ముంచే తప్పు ఒకటుంది: ఫ్రేము మీద చెక్కిన ఛాసిస్ నంబరు సంగతి తేల్చుకోకుండా బండిని పెయింటుకు పంపడం.

నంబరు

పాత బళ్ల ఛాసిస్ నంబరు సాధారణంగా హ్యాండిల్ తిరిగే మెడ గొట్టం దగ్గర, ఇంజన్ నంబరు క్రాంక్‌కేసు మీద ఉంటాయి. యాభై ఏళ్ల తుప్పు తిన్నాక ఆ అంకెల లోతు బాగా తగ్గిపోతుంది. ఇసుకను జోరుగా చిమ్మి తుప్పు రాల్చే బ్లాస్టింగ్ చేస్తే తుప్పుతోపాటు అంకెల అంచులూ పోతాయి. మిగిలిన కాస్త గాడినీ పౌడర్ కోటింగ్, అంటే పొడి రంగు చల్లి ఓవెన్లో కాల్చే పూత, పూడ్చేస్తుంది. ఒక్క పూతే 60 నుంచి 100 మైక్రాన్లు ఉంటుంది. బండి అద్దంలా మెరుస్తూ వస్తుంది, నంబరు మాత్రం కనబడదు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు కనబడని నంబరు లేనట్టే లెక్క.

కాబట్టి బండి విప్పకముందే ఈ పని చేయాలి. నంబరున్న చోట కిరసనాయిలుతో నానబెట్టి ఇత్తడి బ్రష్షుతో మెల్లగా తుడవండి. ఇనప బ్రష్షు, ఎమిరీ కాగితం ముట్టుకోవద్దు. పల్చటి కాగితం అతికించి పెన్సిల్ ప్రింట్ తీయండి, రెండు మూడు కాపీలు ఉండాలి. పక్కన స్కేలు పెట్టి, పగటి వెలుతురులో ఫొటో తీయండి. ఆ ప్రింటును ఆర్సీతో ఒక్కో అక్షరం సరిచూడండి. చేతిరాత ఆర్సీ పుస్తకాల్లో 1కీ 7కీ, 5కీ Sకీ తేడా తెలియకుండా రాసినవి చాలానే ఉంటాయి. తేడా కనిపిస్తే ముందే ఆర్టీవో ఆఫీసులో అర్జీ పెట్టి సరిచేయించుకోవాలి. తర్వాతే బ్లాస్టింగ్. నంబరు మీద మందపాటి రబ్బరు ముక్క, దాని మీద రెండు మూడు వరసల టేపు వేయించండి. పౌడర్ కోటింగ్ ఓవెన్ 180 నుంచి 200 డిగ్రీల దాకా వెళ్తుంది, మామూలు టేపు కాలిపోతుంది; వేడికి ఆగే టేపే వాడమనండి. ఆ కాస్త చోటుకు తర్వాత చేత్తో పల్చగా రంగు వేసుకోవచ్చు.

నంబరు అరిగిపోయి ఉంటే అంకెలు కొట్టే పంచ్ సెట్ తెచ్చి మళ్లీ కొట్టించకండి. అంకెలు అవే అయినా సరే. అనుమతి లేకుండా కొట్టిన నంబరు దొంగబండి గుర్తు. మీ ఉద్దేశం మంచిదని నిరూపించే భారం మీ నెత్తిన పడుతుంది. రాతపూర్వకంగా ఆర్టీవోకి అర్జీ పెట్టి, అనుమతి చేతికొచ్చాకే ఆ పని. తుక్కుకొట్లో కొన్న ఆర్సీకి సరిపోయేలా ఫ్రేము మీద నంబరు కొట్టించుకోవడమంటే అది నేరమే, రిపేరు కాదు.

నంబరు ముందు, పెయింటు తర్వాత.

కాగితాలు

సొంత వాడకం బండి రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లు, ఆపైన ఐదేసి ఏళ్లు. రెన్యువల్‌కు ఫారం 25. గడువు దాటితే మోటార్‌సైకిల్‌కు నెలకు 300 అదనపు ఫీజు; ఏళ్లతరబడి వదిలేసిన బండికి ఇది బండి ధరతో పోటీ పడుతుంది. కొనేముందే లెక్కేసుకోండి. గ్రీన్ ట్యాక్స్ వేరు.

పేరు మార్పుకు ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30. యజమాని చనిపోయి ఉంటే వారసుల ద్వారా ఫారం 31. వేరే రాష్ట్రం బండైతే ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం, ఇక్కడ లైఫ్ ట్యాక్స్, పన్నెండు నెలలు దాటి ఉంచుకుంటే కొత్త నంబరు. 1989కి ముందు నంబర్లు పాత పద్ధతిలో ఉంటాయి. చాలా బళ్ల వివరాలు కంప్యూటర్లోకి ఎక్కనే లేదు. ఆన్‌లైన్లో కనబడలేదంటే బండి దొంగదని కాదు, మొదట రిజిస్టర్ చేసిన ఆఫీసు పాత రికార్డు చూసి ఎక్కించాలి. దీనికి నెలలు పట్టొచ్చు. ఆ నెలల్లో పెయింటు పని మొదలుపెట్టకండి.

“పేపర్లు లేకపోతేనేం, వింటేజ్ కింద చేయించుకోవచ్చు” అని అమ్మేవాళ్లు చెప్తారు. నమ్మొద్దు. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బళ్లకు. ఫారం 20తోపాటు బండి ఇక్కడ రిజిస్టరై ఉంటే పాత ఆర్సీ, విదేశీ బండైతే బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి చేసినప్పటి కస్టమ్స్ పత్రం), ఇన్సూరెన్స్ అడుగుతారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000, గడువు పదేళ్లు. పైగా ఆ బండి రోజువారీ వాడకానికి పనికిరాదు. ప్రదర్శన, ర్యాలీ, పెట్రోలు, రిపేరు లాంటి పనులకే తీయాలి. పాత ఆర్సీ బతికుంటే మామూలు రెన్యువలే మేలు: ఖర్చు తక్కువ, తిరగడానికి అడ్డు లేదు.

ఇన్సూరెన్స్

పేరులో 175 ఉన్నా బాబీ ఇంజన్ 173 సీసీ; అది 150–350 సీసీ తరగతిలోకి వస్తుంది. 2022లో నిర్ణయించిన థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 1,366, జీఎస్టీ సంగతి వేరు. కంపెనీ కంప్యూటర్ మీరు కొట్టిన నంబరు తీసుకుని రెండు నిమిషాల్లో పాలసీ ఇచ్చేస్తుంది. బండిని ఎవరూ చూడరు. అక్కడే మోసపోతారు. చేతిలో పాలసీ ఉంది కదా అని ధీమాగా రోడ్డెక్కుతారు.

ప్రమాదంలో మనిషి పోతే బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ తనిఖీ చేసి ఛాసిస్, ఇంజన్ నంబర్లు రాస్తారు. పాలసీలో ఒక నంబరు, ఫ్రేము మీద ఇంకొకటి ఉంటే “మేం బీమా చేసింది ఈ బండికి కాదు” అని కంపెనీ ప్రమాద పరిహారాలు తేల్చే ట్రిబ్యునల్‌లో వాదిస్తుంది. అది నెగ్గితే పరిహారం మీ పొలం మీద, ఇంటి మీద పడుతుంది. చావుకు, గాయాలకు థర్డ్ పార్టీ బాధ్యతకు పైపరిమితి లేదు, గుర్తుంచుకోండి. రిజిస్ట్రేషన్ లేని బండికి సొంత నష్టం క్లెయిము ఇవ్వనక్కర్లేదని సుప్రీంకోర్టు 2014లో, 2021లో రెండుసార్లు చెప్పింది.

అమ్మేవాళ్లకూ ప్రమాదమే. ఖాళీ 29, 30 ఫారాల మీద సంతకం పెట్టి ఇచ్చేస్తారు, బండి నాలుగు చేతులు మారుతుంది. ఆర్సీలో పేరున్నవాళ్లే యజమాని, పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. పేరు మారేదాకా తాళం ఇవ్వకండి.

ఇక మిగతావి:

- డబ్బు చేతులు మారకముందే పెన్సిల్ ప్రింట్ మీరే తీయండి. వాట్సాప్ ఫొటో చాలదు.
- నంబరు దొంగబళ్ల జాబితాలో ఉందేమో డిజిటల్ పోలీస్ పోర్టల్లో చూడండి. పాత చలానాలూ చూడండి.
- పాత ఫైనాన్స్ రాత ఆర్సీలో ఉంటే, అప్పు తీరిందని చెప్పే ఫారం 35 లేకుండా కొనొద్దు.
- వేరే ఇంజన్ వేస్తే 14 రోజుల్లో ఆర్టీవోకి తెలియజేయండి. ఇన్సూరెన్స్ కంపెనీకీ చెప్పండి.
- పేరు మారాక 14 రోజుల్లో పాలసీ కూడా మీ పేరుకు మార్పించుకోండి. యజమాని ప్రమాద బీమా 15 లక్షలు ఆర్సీలో మీ పేరు, చెల్లే లైసెన్సు ఉంటేనే.
- గడువు తీరిన బండిని తనిఖీకి నడుపుకుంటూ వెళ్లొద్దు. ట్రాలీ ఆటోలో ఎక్కించండి.
- మెకానిక్ ట్రయల్ కూడా రోడ్డు మీద ప్రయాణమే. పాలసీ లేకుండా వీధి చివరిదాకా కూడా వద్దు. ఇన్సూరెన్స్ లేకపోతే మొదటిసారి 2,000 జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ.
- చీర గార్డు, వెనక కూర్చునేవాళ్ల పట్టు, ఫుట్‌రెస్టులు తీసేయకండి. అందం కోసం తీసినవాటికే తనిఖీలో ఆపేస్తారు.
- హెడ్‌లైట్ డిప్పు, బ్రేక్ లైటు, హారన్, అద్దం: అన్నీ పనిచేయాలి.
- పొల్యూషన్ పరీక్షలో 2000 మార్చి 31 దాకా తయారైన టూవీలర్లకు కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్లు 9,000 పీపీఎం దాటకూడదు. చల్లటి ఇంజన్‌తో వెళ్తే తప్పుతుంది; బాగా వేడెక్కాక పెట్టించండి. సైలెన్సర్ లోపలి గొట్టం (బ్యాఫిల్)లో మసి తీయించండి. ఇంజన్ పట్టేస్తుందన్న (సీజవుతుందన్న) భయంతో పెట్రోల్లో కలిపే 2టీ ఆయిలు అతిగా పోయొద్దు.
- ఇప్పటి ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరు పైపుల్ని మెత్తబరుస్తుంది. కొత్త పైపు, కొత్త క్లిప్పులు వేయకుండా స్టార్ట్ చేయొద్దు.
- టైరు కొత్తగా కనబడినా దాని మీద నాలుగంకెల్లో ఉండే తయారీ తేదీ చూడండి.
- బాబీలాంటి పొట్టి విదేశీ బండి హోండా మంకీ పాతది దొరికినా, బిల్ ఆఫ్ ఎంట్రీ లేకపోతే కొనొద్దు. బొమ్మ పాకెట్ బైకులు రోడ్డుకు కావు.
- పెయింటరుకు ఫ్రేము ఇచ్చేటప్పుడు నంబరు దగ్గర వేలు పెట్టి చూపించండి. ఫ్రేము తెచ్చుకునేటప్పుడు అక్కడే నిలబడి, పెన్సిల్ ప్రింట్ మళ్లీ తీసి పాతదానితో కలిపి చూడండి. కలవకపోతే ఆ రోజు బిగింపు మొదలుపెట్టకండి.