ట్రాఫిక్‌లో గేర్‌బాక్స్ వేడెక్కుతోందా? ముందు ఫ్యాను ఎర్తు చూడండి

హైవే మీద బండి బాగానే పోతుంది. విశాఖలో హనుమంతవాక ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ వచ్చినా, అరకు ఘాట్ ఎక్కినా ఆటోమేటిక్ గేర్‌బాక్స్ వేడి లైటు వెలుగుతుంది. ఇంకా లాగిస్తే ఒకే గేరులో ఉండిపోతుంది. వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలే గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్‌ని చల్లబరుస్తుంది, నెమ్మదిస్తే ఆ పని రేడియేటర్ ఫ్యానే చెయ్యాలి. అందుకే గేర్‌బాక్స్ దించే మాట ఇప్పుడే వద్దు.

గేర్‌బాక్స్ ఆయిల్ మట్టం సరిగా ఉంటే ఇంజన్ ఆన్ చేసి ఏసీ వెయ్యండి. చాలా బండ్లలో ఫ్యాను వెంటనే తిరగాలి. నిమిషం పట్టని ఈ పని చెయ్యకుండానే వేలకు వేలు పోసి గేర్ ఆయిల్ మార్పించేస్తారు, చూస్తే బాధేస్తుంది. ఫ్యాను తిరక్కపోతే ఫ్యూజు చూడండి, రిలే (ఫ్యానుకి కరెంటు కలిపే స్విచ్చు) స్థానంలో అదే నంబరున్న పక్క రిలే మార్చి పెట్టండి.

అవి రెండూ బాగున్నా ఫ్యాను నీరసంగా తిరుగుతోందంటే ఎర్తుని, అంటే కరెంటు ఫ్యాను నుంచి బాడీ మీదుగా బ్యాటరీకి తిరిగి వెళ్ళే దారిని అనుమానించండి. మన బీచ్ రోడ్డు, భీమిలి వైపు ఉప్పుగాలికి బాడీకి బిగించిన ఎర్తు లగ్గు (వైరు కొసన ఉండే లోహపు రింగు) కింద పచ్చగా చిలుము పడుతుంది. పైకి బోల్టు గట్టిగానే కనిపిస్తుంది. ఫ్యాను ప్లగ్గు పీకి మీటరు పెడితే 12 వోల్టులు చూపిస్తుంది, అక్కడే అందరూ మోసపోతారు. మీటరు లాగే కరెంటు ఏపాటిది? ఒక్క తీగ పోగు ఆనినా చాలు. మోటారుకి పది ఆంపియర్లు, అంతకు పైనే కావాలి. అంత లాగేసరికి వోల్టేజి ఆ చిలుములోనే పోతుంది. మోటారు మార్చేటప్పుడు లగ్గు కాస్త కదిలి కొన్నాళ్ళు బాగుంటుంది, మళ్ళీ మామూలే.

కాబట్టి ప్లగ్గు తియ్యకుండా, ఫ్యాను ఆన్‌లో ఉండగానే కొలవండి. చేతులు రెక్కలకు దూరంగా ఉంచండి. మీటరు ఒక కొస ఫ్యాను ఎర్తు పిన్నుకి, రెండోది బ్యాటరీ నెగటివ్ పోస్టుకి పెట్టండి. 0.2 వోల్టుల లోపు ఉంటే ఎర్తు బాగున్నట్టు. అర వోల్టు దాటితే దొంగ దొరికినట్టే. ఫ్యానుకి కంట్రోల్ మాడ్యూల్ (ఫ్యాను వేగాన్ని నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టె) ఉంటే మాడ్యూల్ ఎర్తు వైరు దగ్గర కొలవాలి.

బ్యాటరీ నెగటివ్ తీసేసి, లగ్గునీ అది కూర్చునే రేకునీ మెరిసేదాకా గీకండి. వైరు తొక్క ఒలిస్తే లోపల రాగి నల్లబడి ఉందా? ఎర్రటి రాగి కనిపించేదాకా కోసి కొత్త లగ్గు వెయ్యండి. బిగించాక పైన గ్రీజు పూసి మళ్ళీ కొలవండి.

గేర్‌బాక్స్ ఆయిల్ వేడిని కొలిచే సెన్సరు పోవడం అరుదు. పొద్దున్నే చల్లబండిలో స్కానర్ పెడితే బయటి వేడికి దగ్గరగా చూపిస్తే చాలు, దాన్ని వదిలెయ్యండి. ఈసీయూ (బండి కంప్యూటరు) మాట ఇవన్నీ అయ్యాకే.