లెడ్‌విల్ పందేనికి మనసును సిద్ధం చేసుకోవడం

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో లెడ్‌విల్ అనే పాత గనుల ఊరు ఉంది. అక్కడ 1994లో మొదలైన మౌంటెన్ బైక్ పందెం ఆగస్టు నెలలో జరుగుతుంది. 160 కిలోమీటర్లకు పైగా ఉన్న దారిని 12 గంటల్లో ముగించినవారికే బహుమతిగా ఇచ్చే బెల్టు బకిల్ దక్కుతుంది. ఊరే సుమారు 3,100 మీటర్ల ఎత్తున ఉంది. దారి మధ్యలో వచ్చే కొలంబైన్ గని దగ్గర ఆ ఎత్తు దాదాపు 3,800 మీటర్లకు చేరుతుంది. తిరుమల కొండ వెయ్యి మీటర్ల లోపే అని గుర్తు చేసుకుంటే, అక్కడి గాలి ఎంత పలచగా ఉంటుందో ఊహించవచ్చు. కాళ్ళకు నెలల తరబడి సాధన చేయించేవారు కూడా మనసును పందెం నాటి ఉదయానికే వదిలేస్తారు. నా దృష్టిలో అదే పెద్ద పొరపాటు.

ఈ దారిలో ఒక సౌకర్యం ఉంది: వెళ్ళిన దారినే తిరిగి రావాలి కాబట్టి, ఎక్కడ మానేయాలనిపిస్తుందో ముందే తెలుసు. తిరుగు ప్రయాణంలో, సుమారు 130 కిలోమీటర్ల దగ్గర పవర్‌లైన్ అనే ఎక్కుడు మొదలవుతుంది. కరెంటు తీగల కింద నిటారుగా సాగే ఆ మట్టిబాటలో చాలామంది సైకిల్ దిగి తోసుకుంటూ నడుస్తారు. ఇదే శిఖరం అనుకున్న ప్రతిచోటా దాని వెనుక మరొకటి కనిపిస్తుంది. అలిపిరి మెట్ల దారిలో వెళ్ళినవారికి, కాళ్ళు అలిసిపోయాక ఎదురయ్యే మోకాళ్ళ పర్వతం ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు.

కాబట్టి పవర్‌లైన్ మీద ఏం చేయాలో ఇంట్లో కూర్చుని, కాగితం మీద రాసి నిర్ణయించుకోవాలి. "వాలు నిటారుగా మారగానే దిగుతాను, ఇరవై అడుగులు లెక్కపెడుతూ నడుస్తాను, శిఖరం కోసం తల ఎత్తి చూడను" అన్నంత వివరంగా ఉండాలి. ముందే అనుకుని దిగితే అది పథకంలో భాగమవుతుంది. అనుకోకుండా దిగవలసి వస్తే ఓటమిలా తోస్తుంది. నడక ఒకటే అయినా ఆ తర్వాతి గంట ఎలా గడుస్తుందో దీన్ని బట్టే ఉంటుంది. ఆ మాటలను చిన్న చీటీ మీద రాసి, సైకిల్ ఫ్రేముకు పారదర్శకమైన టేపుతో అతికించండి. పలచని గాలిలో అలిసిన బుర్రకు కొత్తగా ఆలోచించే ఓపిక ఉండదు, కానీ చదివి పాటించగలదు.

సాధనలో కూడా దీన్ని అలవాటు చేసుకోవాలి. వారానికొకసారి సుదీర్ఘ సవారీ చివర, ఇంటికి పోదామనిపించిన క్షణంలోనే, మరో ఎక్కుడు ఎక్కండి. కళ్ళు మూసుకుని పందేన్ని ఊహించుకునేటప్పుడు ముగింపు గీత దాటడాన్ని మాత్రమే చూడకండి. పంక్చరైన టైరు, వణికే వేళ్ళు, పక్కనుంచి దూసుకుపోతున్నవాళ్ళు, మీరు తాపీగా ట్యూబు మార్చడం కూడా అందులో ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. పందెంలో నిరాశ కమ్ముకున్నప్పుడు దాన్ని నమ్మకండి, ముందు ఏదైనా తినండి. ఒంట్లో చక్కెర తగ్గితే మనసు దానికి తాత్విక కారణాలు వెతుకుతుంది: ఇదంతా ఎందుకు, నేనెవరికి ఏం నిరూపించాలి అని. ఏదైనా తిని, నీళ్ళు తాగి, పదిహేను నిమిషాలు ఆగిన తర్వాతే మానేయడం గురించి ఆలోచించాలని నియమం పెట్టుకోండి. అయితే తల తిరిగి అడుగు తూలుతున్నా, ఊపిరి ఆగకుండా ఎగబోస్తున్నా అది మనోబలానికి సంబంధించిన సంగతి కాదు. వెంటనే ఆగి వైద్య సిబ్బందికి చెప్పాలి.

దారిలో తిండి, నీళ్ళు అందించే ట్విన్ లేక్స్ మజిలీ దగ్గర మీ కోసం వేచి ఉండే మీవారికి కూడా తర్ఫీదు అవసరం. "ఎలా ఉంది, ఆపేస్తావా?" అని ప్రేమతో అడిగిన ప్రశ్నే సైకిల్ దింపేస్తుంది. "ఏం తిన్నావు, ఎంత తాగావు?" అని మాత్రమే అడగమని చెప్పండి.

చివరగా, పవర్‌లైన్ దాటాక పందెం అయిపోయిందనుకుని మనసు సడలించకండి. ఊరికి చేరువలో బులెవార్డ్ అని పిలిచే మట్టిరోడ్డు మళ్ళీ పైకే ఎక్కుతుంది. దాని కోసం జేబులో శక్తినిచ్చే తీపి జెల్ పొట్లం ఒకటి, చీటీలో ఒక వాక్యం మిగుల్చుకోండి.