వంక ఒడ్డు కోసుకుపోకుండా రాళ్లు పేర్చడం ఎలా

చెయ్యేరు, పెన్నా పక్కన చేన్లున్నవాళ్లు నన్ను మొదట అడిగేది ఒకటే: "అన్నా, కట్ట ఎంత ఎత్తు పెట్టాలి?" ఎత్తు తర్వాత చూద్దాం, ముందు కట్ట అడుగుభాగం సంగతి చూడండి. నీళ్లు రాతికట్టును ఎదురుగా తోసి పడగొట్టడం తక్కువ. కాళ్ల కింద ఇసుక లాగేస్తాయి, లేదంటే రాళ్ల సందుల్లోంచి వెనక మట్టిని తోడేస్తాయి. కాకినాడ దగ్గర ఉప్పాడ ఒడ్డును కోస్తూ సముద్రం చేసే పనీ ఇదే.

వంక ఎండినప్పుడు, ఎండాకాలంలోనే పని పెట్టుకోండి. ఒడ్డు నిట్టనిలువుగా ఉండకూడదు. అడుగు ఎత్తుకు రెండడుగుల వాలు వచ్చేలా జేసీబీతో చెక్కించండి. వాలు కింద గట్టి గరుసో, బండో తగిలేదాకా కాలువ తీసి, రాళ్లు అక్కడి నుంచి మొదలుపెట్టాలి. పెన్నాలో ఎంత తవ్వినా ఇసుకే వస్తుంది. అలాంటి చోట వాలు ముందు పెద్ద గుండ్లు అదనంగా పరిచి వదిలేయండి. కింద ఇసుక కోసుకుపోయేకొద్దీ ఆ గుండ్లే జారి గుంతలో కూర్చుంటాయి.

డబ్బు మిగులుతుందని చాలామంది ఎగ్గొట్టేది రాళ్ల కింది పొర. నా లెక్కలో రాళ్లకన్నా అదే ముఖ్యం. వరద తీసేటప్పుడు ఒడ్డులో నానిన నీళ్లు బయటికొస్తూ మట్టిని మోసుకొస్తాయి, రాళ్లు ఒక్కొక్కటే కుంగిపోతాయి. అందుకే ముందు జియో టెక్స్‌టైల్ గుడ్డ (నీళ్లను వదిలి మట్టిని ఆపే గుడ్డ) పరచండి. అది దొరక్కపోతే ముతక ఇసుక, దాని మీద 20 ఎంఎం కంకర, ఒక్కోటి జానెడు మందం. పైన సందులు సిమెంటుతో పూడ్చొద్దు. నీళ్లకు దారి లేకపోతే వెనక ఒత్తిడి పెరిగి పేర్పంతా ఉబ్బుతుంది.

దగ్గర్లో చవగ్గా వస్తాయని కడప బండలు తెస్తుంటారు. ఇంట్లో నేలకు అవి బంగారం, వాలు మీద మాత్రం జారుతాయి. మూలలున్న గరుకు గ్రానైట్ గుండ్లు, ఇద్దరు పడితేగానీ లేవనివి తీసుకోండి. పొడవు వైపు ఒడ్డులోకి పోయేలా పేర్చి, సందుల్లో చిన్న రాళ్లు సుత్తితో బిగించాలి. ఎక్కి తొక్కితే ఒక్కటీ కదలకూడదు.

రెండు కొసలనూ ఒడ్డులోకి మలిపి పూడ్చండి. రాతికట్టు ఆగిన చోటే నీళ్లు సుడి తిరిగి కోస్తాయి, ఆ దెబ్బ కింది చేనాయనకు తగులుతుంది. ఆయన్నీ కలుపుకుని చేయించండి. వంక పోరంబోకు కాబట్టి తహసీల్దారుకు, ఇరిగేషన్ వాళ్లకు ముందే చెప్పాలి.

ఇది కోతను ఆపుతుంది, పొంగి పైకెక్కే నీళ్లను కాదు. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగినప్పుడు చెయ్యేరు పక్క పొలాల్లో ఇసుక మేటలు వేసింది. అంత వరదకు రైతు పేర్చిన రాళ్లు నిలవవు. మామూలు వరదలకు మాత్రం గట్టు మీద వట్టివేరు దగ్గర దగ్గరగా నాటితే మట్టిని బాగా పట్టుకుంటుంది.

మొదటి వరద తీయగానే వెళ్లి, కుంగిన చోటల్లా రాళ్లు నింపండి. అందుకోసం ఒక ట్రాక్టరు గుండ్లు గట్టు మీదే పోయించి ఉంచుకోండి.