గ్రాఫిక్స్ కార్డుకి డబ్బులు చాలకపోతే

మొదటి గేమింగ్ పీసీ కొనేటప్పుడు సరిగ్గా గ్రాఫిక్స్ కార్డు దగ్గరికొచ్చేసరికే డబ్బులు అయిపోతాయి. మా తమ్ముడికి కార్డు తర్వాత చూద్దామని, లోపలే గ్రాఫిక్స్ ఉన్న రైజెన్ 5 5600జీ ప్రాసెసర్ తీసుకున్నాం. ఈ గ్రాఫిక్స్‌కి విడిగా మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది, కాబట్టి ర్యామ్ ఎంత స్పీడుగా ఉంటే అంత మంచిది; స్టిక్‌లు రెండుంటే స్పీడు పెరుగుతుంది. అందుకే 16 జీబీ ర్యామ్ స్టిక్ ఒకటి కాకుండా, డీడీఆర్4 3200 (ర్యామ్ రకం, స్పీడు)లో 8 జీబీవి రెండు అడిగి తీసుకోండి. గేమ్‌లో తేడా కంటికి కనిపిస్తుంది. బోర్డుకి నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ వైపు నుంచి రెండోదాంట్లో, నాలుగోదాంట్లో పెట్టి, క్లిప్పు టక్కుమనేదాకా నొక్కాలి. బయోస్‌లో (పీసీ ఆన్ అవుతున్నప్పుడు తెరిచే సెట్టింగుల మెనూ) ఎక్స్‌ఎంపీ అనే ర్యామ్ సెట్టింగ్ ఆన్ చేయడం మర్చిపోకండి, లేకపోతే ర్యామ్ తక్కువ స్పీడులోనే ఉండిపోతుంది.

వాలరెంట్ లాంటివి 1080పీలో హాయిగా ఆడుకోవచ్చు. సైబర్‌పంక్ లాంటి బరువైన గేములే ఆడాలనుకుంటే మాత్రం ఇది సరిపోదు, ఇంకొన్నాళ్లు ఆగి కార్డుతోనే కొనండి.